కాయితం పట్టే కిటుకు

నగరి బస్టాండులో తిరుపతి బస్సు ఎక్కింది మొదలు మునిరత్నం తిడుతూనే ఉన్నాడు. పుత్తూరు చేరేసరికి తిట్టదగ్గ మనుషులు అయిపోయారు గానీ కోపం అయిపోలేదు. అందుకని మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. స్పీడు బ్రేకరు దగ్గర బస్సు ఎగిరిపడితే మధ్యలో డ్రైవరును కూడా కలుపుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. పక్కన కిటికీ దగ్గర అతని భార్య ఆనందమ్మ కుడిచేతిని ఒడిలో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. దెబ్బ తగిలింది ఆమె చేతికి. అరిచేది అతను.

నాలుగు నెలల కిందట కొళాయి దగ్గర గాజుసీసా కడుగుతూ, పాచి మీద కాలు జారి పడింది ఆనందమ్మ. సీసా పగిలి, ముక్క కుడి మణికట్టులో చిటికెన వేలి వైపు దిగబడింది. వీధి చివరి క్లినిక్కులో ఏడు కుట్లు వేశారు. చిటికెన వేలు మొద్దుబారింది, తాకినా తెలియడం లేదని ఆమె చెబితే, వాపు దిగితే అదే సర్దుకుంటుందన్నారు. తోలు కుట్టడం వచ్చినవాడికి తోలు కింద ఏముందో కూడా తెలిసి ఉండాలి కదా. ఆ మాట మునిరత్నం ఇప్పుడు బస్సులో అంటున్నాడు. ఆ రోజు మాత్రం దండం పెట్టి వచ్చాడు.

ఆనందమ్మది పడుగు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగుల్ని పాత పోగుల కొనలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. ఒక్క మగ్గానికి వేలకు వేల పోగులు. బొటనవేలికీ చూపుడు వేలికీ రవ్వంత బూడిద అద్దుకుని, రెండు కొనలూ కలిపి ఒక్క నలుపు నలిపితే అది మళ్లీ ఊడకూడదు. నగరిలో ఏ మరమగ్గాల షెడ్డుకు పోయినా ఆనందమ్మ అతికిన పడుగు తెగదని పేరు. ముప్పై ఏళ్లుగా ఆ రెండు వేళ్లే ఆమెను నిలబెట్టాయి. మునిరత్నాన్ని కూడా నిలబెట్టాయని అందరికీ తెలుసు. తానూ ఒక షెడ్డులో మగ్గం నడిపే అతను ఒప్పుకోడు, అది వేరే సంగతి.

కుట్లు విప్పిన రోజు క్లినిక్కు నర్సు భానుశ్రీ ఒక కొత్త పరీక్ష చేసింది. "తిరపతోళ్లు ఇచ్చినారక్కా. నరం తెగిందా లేదా అని ఫోను కెమెరానే సూసి సెప్పేస్తాది" అంది. బల్ల మీద నల్లగుడ్డ పరచి, పైన స్టాండుకు ఫోను బిగించి, కింద చెయ్యి పెట్టమంది. తెర మీద ఆనందమ్మ వేళ్ల కణుపు కణుపుకూ ఒక చుక్క పడింది. చుక్కకూ చుక్కకూ మధ్య గీతలు వచ్చాయి. వేళ్లు చాపమంది, ముడవమంది, ఎడంగా పెట్టమంది. చివరికి ఒక కాగితం ముక్కను బొటనవేలితో చూపుడు వేలి పక్కకు అదిమి పట్టుకోమని చెప్పి, రెండో కొన పట్టుకుని తాను లాగింది. కాగితం జారలేదు. తెర పచ్చగా వెలిగింది. పచ్చరంగు వస్తే నరం బాగున్నట్టు. ఎర్రరంగు వస్తే తిరుపతిలో పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలి. ఆరు వారాలకు మళ్లీ చేశారు. మళ్లీ పచ్చే వచ్చింది.

"పోగు చేతికి దొరకడంలా" అని ఆనందమ్మ ఇంట్లో చాలాసార్లే చెప్పింది.

"మిసనుకు అబద్దం సెప్పే పనేముండాది మే? బాగుండాదని రెండుతూర్లు సెప్పింది గదా. నీకే బయం. పనికి పోతా ఉండు, అదే సరిపోతాది" అన్నాడు మునిరత్నం.

ఆమె పనికి పోయింది. మొన్న ఒక షెడ్డులో ఆమె అతికిన పడుగు, మగ్గం కదలగానే మూరెడు మేర పుటుక్కున ఊడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండో రోజు ఆ పనికి ఇంకొకామెను పిలిచారు. ఆ సాయంత్రం ఆనందమ్మ అరచేతిని బోర్లించి మొగుడి ముందు పెట్టింది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. చిటికెన వేలు, దాని పక్కవేలు కొడవలిలాగా లోపలికి వంగి ఉన్నాయి. "నేను రేపు తిరపతికి పోతా ఉండా. వస్తే రా" అంది. అంతే అంది.

తిరుపతిలో చేతుల ఆపరేషన్లకు పేరున్న ఆసుపత్రి అది. మధ్యాహ్నం దాకా వరసలో కూర్చుంటే పిలుపు వచ్చింది. డాక్టర్ మహిత చెయ్యి పట్టుకోవడానికి ముందే, ఆనందమ్మ కుర్చీలో కూర్చుంటుండగా ఆ గుంటను చూసింది. కళ్లు మూసుకోమని చెప్పి గుండుసూదితో ఒక్కో వేలి మీద తాకించి తెలుస్తోందా అని అడిగింది. బొటనవేలు తెలిసింది. చూపుడు వేలు, నడిమి వేలు తెలిశాయి. చిటికెన వేలి మీద సూదిమొన గుచ్చి రక్తం చుక్క వచ్చినా ఆనందమ్మ కళ్లు మూసుకునే ఉంది, ఇంకా ఎప్పుడు తాకిస్తారా అని ఎదురుచూస్తూ.

తర్వాత డాక్టరు మందుల చీటీ ఒకటి చించి ఆమె వేళ్ల మధ్య పెట్టి లాగింది. చీటీ జారకుండా ఆపబోయి ఆనందమ్మ బొటనవేలి కొన దానంతటదే గొళ్లెంలా వంగింది.

"ఇదిగో, ఇది చూశారా" అంది డాక్టరు. "ఈ నరం పనిచేస్తుంటే బొటనవేలు నిటారుగా ఉండి పట్టుకుంటుంది. అది తెగితే ఆ బలం ఉండదు. అప్పుడు వేరే నరం సాయంతో కొన వంచి పట్టుకుంటారు. ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. ఇన్ని నెలలు ఏం చేస్తున్నారమ్మా?"

వేలు అలా వంగడం మునిరత్నానికి ఎక్కడో చూసినట్టే అనిపించింది. అయితే అతని కోపం అప్పటికే నోటి దాకా వచ్చి ఉంది, ఆలోచనకు చోటివ్వలేదు.

"మమ్మల్ని అడగతారేంది మేడమ్? మీ ఫోను సెప్పింది బాగుండాదని. రెండుతూర్లు సెప్పింది. ఆ ఫోనును అడగండి ఏం చేస్తా ఉండిందో."

డాక్టరు మొహం మారింది. ఆ ఫోను పరీక్షను ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లతో కలిసి తయారు చేయించింది ఆమే. ముందు ఆపరేషను సంగతి చెప్పింది. తెగిన కొనలు ఈపాటికి ముడుచుకుపోయి ఉంటాయి, కాలి నుంచి నరం ముక్క తీసి మధ్యలో అతకాలి. అతికినా నరం రోజుకు నూలుపోగు మందమంతే పెరుగుతుంది. అది చేరేలోపల కండ ఎంత మిగిలితే అంత.

"పోగు పట్టుకోగలనా మేడమ్?" అని అడిగింది ఆనందమ్మ. ఆ రోజు ఆమె తనంతట తాను నోరు విప్పింది అప్పుడే.

"చెంబు పట్టుకుంటారు, చీపురు పట్టుకుంటారు. పోగు సంగతి నేను మాట ఇవ్వలేనమ్మా. మొదటి నెలలో వచ్చి ఉంటే ఇచ్చేదాన్ని."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇక మిగిలింది. మునిరత్నం లేచి నిలబడి, ఆ ఫోను తయారు చేసినవాడు ఎవడో తనకు చూపించాలన్నాడు. చూపించకపోతే వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేటట్టు చెబుతానన్నాడు. అప్పటికే వాళ్లందరికీ వినపడుతూనే ఉంది.

ఆ మనిషి పై అంతస్తులోనే ఉన్నాడు. రూపేష్ అని, ఆ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, పరీక్ష పని మీద ఆసుపత్రికి వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి, సన్నగా ఉన్నాడు, మునిరత్నం తలుపు తోసిన తీరుకే సగం భయపడ్డాడు. వెనకాలే ఆనందమ్మతో వచ్చిన డాక్టరు జరిగింది చెబుతుంటే ఒకటికి రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మా ప్రోగ్రాము నూటికి తొంభై నాలుగు సార్లు సరిగానే చెబుతుందండి" అన్నాడు.

"మిగిలిన ఆరుమంది మనుసులు కాదా? ఆ ఆరులో నా పెండ్లాం ఉండాది. రా, ఈడికి రా, ఆమె మొగం సూసి సెప్పు ఆ తొంబై నాలుగు."

రూపేష్ ఆమె ముఖం చూడలేకపోయాడు. ఇంజనీర్లకు అంకెను చూడటం అలవాటు, మనిషిని చూడటం అంత అలవాటు ఉండదు. మునిరత్నం వదల్లేదు. మీకు జీతాలు ఎందుకు అన్నాడు. చదువుకున్నోళ్లు ఆడుకోవడానికి కూలోళ్ల చేతులే దొరికినాయా అన్నాడు. పేదవాడి కోపం పెదవికి చేటంటారు గానీ, ఆ గదిలో ఆ పూట అతనికి అడ్డం చెప్పేవాళ్లు లేరు. న్యాయం అతని వైపే ఉందని అతనికి తెలుసు. ఆ బలంతో ఇంకో నాలుగు మాటలు ఎక్కువే అన్నాడు.

డాక్టర్ మహిత మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని ఆనందమ్మ రెండు వీడియోలూ పెట్టించుకుంది. కాగితం లాగినప్పుడు బొటనవేలు వంగడం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. వేలి మీద చుక్కలు కూడా సరిగ్గా పడ్డాయి.

"వంగింది కదా రూపేష్. చూసి కూడా బాగుందని ఎందుకంది?"

"బాగున్న చేతులు కొన్ని, నరం దెబ్బతిన్న చేతులు కొన్ని చూపించి దీనికి నేర్పిస్తాం కదా మేడమ్. మనం బాగున్నవి అని చూపించిన వాటిలో కూడా వేలు వంగి ఉంటే, వంగడం తప్పు కాదని నేర్చుకుంటుంది."

"అయితే ఆ బాగున్న చేతులు చూపించండి."

రూపేష్ తెరిచాడు. మొహాలు లేవు. ఒక్కో వీడియోలో నల్లగుడ్డ మీద ఒక్కో చెయ్యి. బాగున్న చేతులు కావాలని పోయిన ఏడాది ఊళ్లలో శిబిరాలు పెట్టి తీసుకున్నవి. సగానికి సగం ఒకే చోటివి. గోళ్ల సందుల్లో అద్దకం రంగు, అరచేతుల్లో కాయలు. కాగితం దగ్గరికి వచ్చేసరికి ప్రతి చెయ్యీ ఒక్క క్షణం ఆగుతోంది. తర్వాత బొటనవేలి కొన వంచి పట్టుకుంటోంది. ఒకటి, రెండు, పది, పదిహేను.

"వీళ్ల చేతులు బాగున్నాయని ఎవరు చెప్పారు?" అంది డాక్టరు.

"వాళ్లే చెప్పారు మేడమ్. ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగాం. లేదన్నారు."

"నేనూ ఆ జవాబులు చూసే సంతకం పెట్టాను" అంది ఆమె, తన మీద తనకే కోపంగా. "ఒక్క చేతినైనా పట్టుకుని చూడలేదు. ఎందుకు అందరూ ఆగుతున్నారు ఇక్కడ? ఎవరో ఏదో చెబుతున్నట్టుంది. సౌండు పెట్టండి."

"మాకు చెయ్యి చాలు కదా అని సౌండు ఎప్పుడూ వినలేదు మేడమ్" అంటూ రూపేష్ పెట్టాడు.

ముందు మగ్గాల చప్పుడు. తర్వాత కెమెరాకు అందకుండా, చెవిలో చెప్పినట్టు, ఒక మగగొంతు. "బొటనేలు కొన వంచి కరిపించి పట్టుకోప్పా. అప్పుడు కాయితం జారదు. బాదేమన్నా ఉండాదా అంటే లేదను. ఓనరు ఆడనే కూసోని ఉండాడు, సూసుకో."

ఇంకో వీడియో. అదే గొంతు. "వంచు, వంచు, ఆ అట్ల."

దొంగకు తేలు కుట్టినట్టయింది మునిరత్నానికి. ఇంతసేపూ గది పైకప్పు లేచిపోయేలా అరిచిన మనిషి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

పోయిన ఏడాది శిబిరం రోజు జరిగింది ఇది. అతను పనిచేసే షెడ్డులోనే శిబిరం పెట్టారు. అంతకు నాలుగు నెలల ముందు మునిశేఖర్ అనేవాడు చేతికి తిమ్మిర్లని నోరు జారి చెప్పుకుంటే, షెడ్డు ఓనరు మునిప్రసాద్ అతన్ని మగ్గం దించేశాడు. దించేసి ఎంతో దయగా, "ముందు ఒళ్లు సూసుకోప్పా" అన్నాడు. మళ్లీ పిలవలేదు. అందుకే చేతుల పరీక్ష అనగానే అందరి గుండెల్లో రాయి పడింది. రోజుకు పన్నెండు గంటలు మగ్గాల అదురులో చేతులు పెట్టినవాళ్లలో చాలామందికి చిటికెన వేలు మొద్దుబారి ఉంది. మునిరత్నానికి రెండేళ్లుగా ఉంది. కాగితం లాగితే జారుతోందని ముందు తెలుసుకున్నదీ అతనే, కొన వంచితే జారదని కనిపెట్టిందీ అతనే. షెడ్డులో పెద్దవాడు కదా, ఆ కిటుకు తన దగ్గరే దాచుకోలేదు. వరసలో పక్కన నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆ రోజు ఒక్కడు కూడా మగ్గం దిగలేదు. సాయంత్రం అందరూ అతనికి టీ ఇప్పించారు. తానేదో గొప్ప ఉపకారం చేశానని ఇన్ని నెలలూ లోపల లోపల మురిసిపోయాడు కూడా.

"ఆ గొంతు నీదే" అంది ఆనందమ్మ.

"ఒకరి కడుపు కొట్టకూడదని సెప్పినా మే."

"నా చెయ్యి కొట్టినావు."

మునిరత్నం డాక్టరు వైపు చూశాడు, రూపేష్ వైపు చూశాడు. తిట్టడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చూసినట్టే ఉంది. డాక్టరు లేచి వచ్చి అతని కుడిచెయ్యి అందుకుంది. వేళ్ల మధ్య చీటీ పెట్టి, "వంచకుండా పట్టుకోండి" అంది. అతను పట్టుకున్నాడు. ఆమె గట్టిగా లాగను కూడా లేదు, చీటీ ఆమె చేతిలోకి వచ్చేసింది.

"మీకు తెగలేదు, మోచేతి దగ్గర నొక్కుకుపోయి ఉంటుంది. దారి ఉంది" అంది డాక్టరు. "ఇప్పుడు నాకొక సాయం కావాలి. వీటిలో ఎవరి చేతులు నిజంగా బాగున్నాయో, ఎవరివి బాగాలేవో మీకు తప్ప ఎవరికీ తెలియదు."

"పేర్లు సెప్పను మేడమ్. ఏమన్నా సెయ్యండి, పేర్లు మాత్రం సెప్పను."

"పేర్లు వద్దు. బాగుంది, బాగలేదు. అంతే చెప్పండి. అందరి చేతులూ మళ్లీ నేనే వచ్చి స్వయంగా చూస్తాను. మీరు చెప్పింది ఓనరుకు చేరదు."

అతను కూర్చున్నాడు. రూపేష్ ఒక్కొక్క వీడియో పెట్టాడు. మొహం లేకపోతేనేం, ఇరవై ఏళ్లు పక్కపక్కన పనిచేసిన చేతులు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె తగిలి గోరు నల్లబడిన చెయ్యి దేవరాజులుది. "బాగలేదు" అన్నాడు. చూపుడు వేలు మీద కాలిన మచ్చ ఉన్నది ఎదురింటివాడిది. "బాగలేదు." ఇంకొకటి. "ఇది బాగుండాది." ఇంకొకటి. తెరకు దగ్గరగా వంగి చూశాడు. ఆ చెయ్యి తనదే. ఒంటి మీద ఉన్నప్పుడు తెలియలేదు గానీ తెర మీద చూస్తే, వేళ్ల మధ్య అక్కడ కూడా గుంట మొదలైంది.

"బాగలేదు" అన్నాడు.

ఒక్కో బాగలేదుకు కోపం ఒక్కో మెట్టు పెరిగింది. ఈసారి అది ఎటూ పోవడానికి దారి లేక అతని లోపలే తిరిగింది. వందకు పైగా చేతులు చూశాడు. నలభై ఒక్కసారి బాగలేదన్నాడు. ఆ నలభై ఒకటీ ఇంతకాలం బాగున్న చేతులుగానే ఆ యంత్రానికి పాఠం చెప్పాయి. చెప్పింది నేర్చుకుంది తప్ప అది చేసిన పాపం ఏమీ లేదు. ఆనందమ్మ వెనకాల కుర్చీలో కూర్చుని ప్రతి బాగలేదునూ విన్నది.

ఐదో రోజు ఆపరేషను చేశారు. కాలి నుంచి తీసిన నరం ముక్కను మణికట్టులో అతికారు. బాగానే జరిగిందని డాక్టరు చెప్పింది. పోగు సంగతి ఆనందమ్మ మళ్లీ అడగలేదు, డాక్టరూ తనంతట తాను చెప్పలేదు. ఇక చేయాల్సింది మాత్రం చెప్పింది. వేళ్లకు కసరత్తు చేయాలి, ఏడాది దాకా ఓపిక పట్టాలి అంది.

ఆ మర్నాడు పొద్దున దేవరాజులు ఫోను చేశాడు. మునిరత్నం ఆనందమ్మకు కూడా వినపడాలని స్పీకరు పెట్టాడు.

"వదిన ఎట్లుండాది అన్నా?"

"ఉండాది."

"ఆ చేతుల పరీక్షోళ్లు మళ్లా వస్తా ఉండారంట అన్నా, బేస్తవారం. ఈతూరి డాక్టరమ్మ కూడా వస్తాదంట. షెడ్డులో కొత్తోళ్లు నిండా ఉండారు. నువ్వొచ్చి ఆ కాయితం పట్టేది ఒకతూరి సూపించిపోతే బాగుంటాది. నాకిప్పుడు ఉంగరం వేలు గూడా తెలీడంలా. జారిపోతాదేమోనని బయంగా ఉండాది."

మునిరత్నం లేచి నిలబడ్డాడు. వార్డులో పక్క మంచాలవాళ్లు తలలు తిప్పి చూశారు.

"జారిపోనీ."

"ఏందన్నా?"

"జారిపోనీప్పా. కాయితం పోతే పోతాది. తెలీడంలా అని ఆమెకు సెప్పు. వేలు వంచితే మాత్రం నేనొచ్చి నీ వేలు ఇరగ్గొడతా."

"ఓనరు ఆడనే ఉంటాడు గదన్నా."

"ఉండనీ. ఆయప్పకు ఇనపడేటట్టు సెప్పు."

దేవరాజులు గొంతు పెంచాడు. అతనికీ కోపం వచ్చింది. "నీకేమన్నా. ఆసుపత్రిలో కూసోని ఎన్నైనా సెప్తావు. మునిశేఖరు ఇప్పుడు యాడుండాడో తెలుసా నీకు? లోడు లారీల మింద మూటలు మోస్తా ఉండాడు, రేణిగుంటలో. ఆ చేతులతోనే."

నిజమే. మునిశేఖరును మగ్గం దించింది మునిరత్నం కళ్ల ముందే. తన చేతిలో ఉన్నది ఒకటే. "బేస్తవారం నేనొస్తా. వరసలో మొదుట నేను నిలబడతా. మగ్గం దించితే ముందు నన్ను దించనీ. నా తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

దేవరాజులు సరేననలేదు, కాదనలేదు. షెడ్డులో పిలుస్తున్నారని పెట్టేశాడు.

మునిరత్నం ఫోను జేబులో పెట్టుకుని ఆనందమ్మ వైపు తిరిగాడు. తాను ఎట్టకేలకు ఒక సరైన మాట అన్నానని, అది ఆమె విన్నదని, ముఖం కొంచెం తేటపడి ఉంది.

"వాళ్లకు బాగా సెప్పినావు" అంది ఆనందమ్మ. "నేను పోగు దొరకడంలా అని ఎన్నితూర్లు సెప్పినానయ్యా నీకు?"

అతను తల వంచుకున్నాడు.

"ఆ మిసనుకు అబద్దం నేర్పించింది నువ్వు. అది నీ కిటుకని దానికి తెలీదు, నీకు గూడా గుర్తు రాలేదు, సరే పోనీ. నీ పక్కన పండుకునేదాన్ని నేను. నా మాట కన్నా ఆ పచ్చరంగు నీకు ఎక్కువైపోయిందే, దానికి ఏం సెప్తావు?"

ఆసుపత్రి మనిషి ఇడ్లీల ప్లేటు తెచ్చి మంచం పక్కన పెట్టి పోయింది. మునిరత్నం చేతులు కడుక్కుని వచ్చి, ఒక ముక్క తుంచి చట్నీలో అద్ది ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. ఆమె ముఖం తిప్పుకుని, ప్లేటు తన వైపు లాక్కుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎన్నడూ అన్నానికి ఆనించని ఎడమచేత్తో, పక్క మంచాలవాళ్లు చూస్తుండగా, ఒక్కొక్క ముక్కే తుంచుకుని తినసాగింది. అతను చేతిలో ఆ ఇడ్లీ ముక్క అలాగే పట్టుకుని, ఆమె తినడం అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.